శుక్రవారం కూర

కాగితానికి నడుమ నిలువుగీత గీసి, ఎడమ పక్క ‘ఆడవాళ్ళు - గోదావరి జిల్లాలు - ఇళ్ళలో పని’ అని, కుడి పక్క ‘మగవాళ్ళు - కరీంనగర్ జిల్లా - కట్టుబడి పని’ అని లక్ష్మిప్రసన్న ఇంటి దగ్గరే రాసుకుని తెచ్చుకుంది. ఎడమ పక్క గడులన్నీ పోయిన శుక్రవారం నిండాయి. అద్లియా పేటలో ఒక వెనక సందులో పనివాళ్ళు సెలవు పూట కలుసుకునే గదిలో పదకొండుమంది చుట్టూ కూచుని చెప్పారు. ఇవాళ కుడి పక్క వంతు.

తెలుగు సంఘం వార్షిక సంచికకి ఈ వ్యాసం అడిగింది కార్యదర్శి సోమరాజుగారు. బహ్రెయిన్‌కి వచ్చిన మనవాళ్ళలో ఎవరి బతుకు ఎలా ఉందో, కోస్తా వాళ్ళ పరిస్థితి నయమో తెలంగాణ వాళ్ళ పరిస్థితి నయమో పోల్చి రాయమన్నారు. ఎకనామిక్స్ చదివారు కదా, మీరైతే సరిగ్గా రాస్తారన్నారు. ఆ మాట ఆమెకి నచ్చింది. అయితే జీతాలు పోల్చడం ఎవరైనా చేస్తారని ఆమె వేరే ప్రశ్నలు తయారుచేసుకుంది. ఒక్క కుళాయికి ఎంతమంది. ఎన్ని జతల చెప్పులు. ఎవరూ లేపకుండా చివరిసారి ఎప్పుడు నిద్ర లేచారు. ఆఖరి గడికి ‘శుక్రవారం కూర’ అని పేరు పెట్టింది. మిగతా ఆరు రోజులూ కూర ఏమిటన్నది డ్యూటీ నిర్ణయిస్తుంది, సెలవు రోజు కూర మనిషి నిర్ణయించుకుంటాడు అని ఆమె లెక్క.

ఆమె భర్త రాజేంద్ర కారు మామీర్‌లో కూలీల క్యాంపు గేటు దగ్గర ఆపి, లోపలికి రానన్నాడు. అతను పనిచేసే కంపెనీదే ఈ క్యాంపు. ఆఫీసు మనిషి వస్తే వాళ్ళు నోరు విప్పరని, సిత్రాలో ఏదో పని చూసుకుని రెండింటికి వస్తానని వెళ్ళిపోయాడు. మగవాళ్ళ క్యాంపుకి ఒక్కతే వెళ్ళడం బావుండదని లక్ష్మిప్రసన్న సత్యకుమారిని వెంట తెచ్చుకుంది. సత్యకుమారిది రాజోలు. బుసైతీన్‌లో వీళ్ళ ఫ్లాట్ వెనక వీధిలో ఒక అరబ్బుల ఇంట్లో పని. శుక్రవారం పది నుంచి ఐదు దాకా సెలవు.

రేకు గదుల మధ్య నడుస్తుంటే నూనె కాలిన వాసన ఫ్యాక్టరీల వైపు నుంచి వచ్చింది. మూడో వరసలోకి తిరగ్గానే ఆ వాసన పోయి మసాలా వాసన తగిలింది. గుమ్మం బయట రాళ్ళ పొయ్యి మీద పెద్ద గిన్నె ఉడుకుతోంది. గిన్నె పక్కన తెల్ల రంగుతో ఏవో అక్షరాలు రాసున్నాయి. గుండ్రంగా ఉన్నాయి కానీ తెలుగు కాదు. లక్ష్మిప్రసన్న వాటిని చూసింది, చూసి లోపలికి నడిచింది.

గదిలో పద్దెనిమిదిమంది ఉన్నారు. మూడు గదులవాళ్ళు కలిసి ఒకే మెస్సు నడుపుకుంటారట. పెద్దవాడు భీమన్న, తాపీ పని. యాభై దాటాయి. గోళ్ళ చివర్లలో సిమెంటు ఎంత తోమినా పోనట్టుంది. ఇనప మంచాలు గోడకి జరిపి, నేల మీద పేపర్లు పరిచారు. ఆమెకీ సత్యకుమారికీ దుప్పటి మడిచి వేశారు.

లక్ష్మిప్రసన్న ముందే చెప్పాల్సిన మాట చెప్పింది. ఇది సంఘం పుస్తకానికే. ఎవరి పేరూ రాయను. ఆఫీసుకి పోదు.

బాబు అనే సన్నటి మనిషి నవ్వాడు. “మా సార్ ఇంటామె రాస్తే మా సార్‌కు తెల్వకుంటుంటదా అమ్మా?”

“నా మాటగా చెబుతున్నాను,” అంది ఆమె.

“గంతే చాలు,” అన్నాడు భీమన్న. ఆమె కాగితం తీయబోతే స్టీలు పళ్ళెం ముందుకి జరిపాడు. “ముందుగాల తిను బిడ్డా. రాసుడు యాడికి పోతది.”

మటన్ బాగా ఉడికింది. కారం ఎక్కువై ఆమెకి కళ్ళల్లో నీళ్ళు తిరిగితే బాబు పరుగున వెళ్ళి పెరుగు డబ్బా తెచ్చాడు. అందరూ ఆమె తినడం చూస్తూ నిలబడ్డారు. మీరూ కూచోండంటే, ఆడపిల్లలు తిన్నాక తింటామన్నారు.

తిన్నాక ప్రశ్నలు మొదలుపెట్టింది. చెప్పులు ఒకే జత. కుళాయి ముప్ఫైమందికి ఒకటి. ఎవరూ లేపకుండా లేవడం అన్నదానికి భీమన్న, దుబాయికొచ్చి పదేండ్లాయె, యాదికి లేదన్నాడు; గల్ఫ్ అంతా అతనికి దుబాయే. ఖర్చు దగ్గరికి వచ్చేసరికి వాళ్ళ గొంతుల్లో హుషారు వచ్చింది. కంపెనీ తిండికి నెలకి పదిహేను దీనార్లు ఇస్తుంది. మేం పన్నెండులో గడుపుతామని ఒకతను అంటే ఇంకొకతను తొమ్మిదన్నాడు. చివరికి ఎనిమిదిలో ఎల్లిపోతదని బాబు తేల్చాడు, అందరూ ఒప్పుకున్నారు. మిగిలిన ఏడూ ఇంటికి పంపుతారు. ఎవరు తక్కువ ఖర్చు పెడతారని వాళ్ళు పోటీపడటం చూసి ఆమెకి ముచ్చటేసింది. ఎనిమిది అని రాసింది.

“ప్రతి శుక్రవారం మటనేనా?”

బాబు భీమన్న వైపు చూశాడు.

“ఆఁ,” అన్నాడు భీమన్న. “గిట్లనే.”

ఆఖరి గడిలో ‘మటన్’ అని రాసి కాగితం మడిచింది. బయల్దేరేటప్పుడు భీమన్న తన మూడు గిన్నెల క్యారియర్ తెచ్చి చేతిలో పెట్టాడు. సార్ లోపలికి రాకపాయె, ఇంట్ల తింటడు, అన్నాడు.

గేటు దాకా నడుస్తూ సత్యకుమారి నవ్వింది. “ఎడమ పక్కోళ్ళం మేం ఓడిపోయినట్టేనండి. మా కూర గడిలో ఏం రాశారు?”

“ఇంట్లోవాళ్ళు తిన్నాక మిగిలింది, అని. నువ్వు చెప్పిందేగా.”

“మిగిలితే, అని కూడా రాయండమ్మగారూ.”

ఆ సాయంత్రం రాజేంద్ర మటన్ తింటూ రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాడు. వీళ్ళు వారం వారం ఇలాగే వండుకుంటారా అని అడిగాడు. అవునట అంది. ఆమె క్యారియర్ తోముతుండగా మధ్యాహ్నం ఆమె కూచుని పూర్తిచేసిన వ్యాసాన్ని బల్ల మీద నుంచి తీసి నిలబడే చివరిదాకా చదివాడు. బాగా రాశావు ప్రసన్నా, ఆఫీసులో జెరాక్స్ తీయించి సోమరాజుగారికి నేనే ఇస్తానులే అన్నాడు. పెళ్ళయిన తొమ్మిదేళ్ళలో ఆమె రాసింది ఏదీ అతను చివరిదాకా చదవలేదు. తోముతున్న గిన్నె అలాగే పట్టుకుని ఆమె కాసేపు నిలబడింది.

తరవాతి శుక్రవారం పొద్దున్నే లేచి పులిహోర కలిపింది. వచ్చిన గిన్నె ఖాళీగా తిప్పి పంపడం ఆమె పుట్టింట్లో లేదు. రాజేంద్ర చూసి, తనకిస్తే డ్రైవర్‌తో పంపుతానన్నాడు. ఇంకోసారి అన్నాడు. మూడోసారి అన్నప్పుడు ఆమె అతని ముఖంలోకి చూసింది. అతను పేపర్ అడ్డం పెట్టుకున్నాడు.

సత్యకుమారితో ట్యాక్సీలో వెళ్ళింది. వస్తున్నట్టు కబురు చేయలేదు. గిన్నె ఇచ్చి రావడానికి కబురెందుకనుకుంది.

మూడో వరసలో రాళ్ళ పొయ్యి లేదు. రాళ్ళు గోడవార ఉన్నాయి. గదిలో భోజనాలవుతున్నాయి. పళ్ళాల్లో అన్నం, నీళ్ళలా జారే పప్పు. బాబు ఉల్లిగడ్డని నేల మీద పెట్టి పిడికిలితో కొడుతున్నాడు. ఆమెని చూడగానే ఎవరో పప్పు గిన్నె మీద మూత పెట్టారు. భీమన్న ఎంగిలి చేత్తోనే లేచాడు. బాబుకి ఏదో సైగ చేస్తే అతను పక్క వరసకి వెళ్ళి వచ్చాడు. వచ్చినప్పుడు చేతిలో ఒక కోడిగుడ్డు ఉంది. దాన్ని ఏం చేయాలో తెలియనట్టు కిటికీలో పెట్టాడు.

“వస్తున్ననని చెప్పకపోతివి బిడ్డా,” అన్నాడు భీమన్న.

క్యారియర్ ఆమె కింద పెట్టింది. భీమన్న చెయ్యి కడుక్కుని వచ్చి, మంచిగనే వచ్చినవు, ఒక కాగితం సదివి పెట్టాలె అన్నాడు. కుళాయి దగ్గర గోడకి అంటించిందట. ఫోర్‌మన్ హిందీలో చెప్పాడట, తిండి పైసలు వచ్చే నెల నుంచి పదిహేను కాదు, పది అని. ఎందుకో మాత్రం అతనికీ తెలియదట. బాబు ఆ కాగితాన్ని చిరగకుండా ఊడదీసి తెచ్చాడు.

టైపు చేసిన ఇంగ్లీషు. లక్ష్మిప్రసన్న ఒక్కో వాక్యం చదువుతూ తెలుగులో చెప్పడం మొదలుపెట్టింది. మెస్సు ఖర్చులు పరిశీలించిన మీదట. తెలుగు సంఘం తరఫున చదువుకున్న సభ్యురాలు ఒకరు స్వయంగా క్యాంపుకి వెళ్ళి సేకరించిన వివరాల ప్రకారం.

ఆగింది.

“ఆగినవేంది? సదువు.”

చదివింది. నెలకి మనిషికి ఎనిమిది దీనార్లతో తృప్తిగా భోజనం చేస్తున్నారు. ప్రతి శుక్రవారం మటన్ వండుకుంటున్నారు. ఇదే రాష్ట్రం నుంచి వచ్చి ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళతో పోలిస్తే వీరి పరిస్థితి ఎంతో మెరుగ్గా ఉంది. ఆ ఆడవాళ్ళకి తిండి భత్యం అనేదే లేదు. ఆమె తన వాక్యాలన్నీ గుర్తుపట్టింది. ‘తృప్తిగా’ అన్న మాట కొట్టేసి మళ్ళీ రాసింది కూడా గుర్తొచ్చింది.

సత్యకుమారి కాగితంలోకి తొంగి చూసి, చదవడం రాకపోయినా, మెల్లగా అంది. “ఇది మన కాగితమే కదండీ.”

నేల మీద చితికిన ఉల్లిగడ్డ వాసన వేస్తోంది.

బాబు గొంతు సవరించుకున్నాడు. “అమ్మా, ఆ దినం మటన్...”

“నోరు మూయ్‌రా,” అన్నాడు భీమన్న. “తిన్నోళ్ళ ముందట చెప్పే ముచ్చటనా అది.”

లక్ష్మిప్రసన్న ఏం చెప్పి బయటికొచ్చిందో ఆమెకే తెలియదు. ట్యాక్సీ కోసం రోడ్డు మీద నిలబడ్డప్పుడు సత్యకుమారి చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని, మీరు చూళ్ళేదా అండీ అని అడిగింది. ఆ గిన్నె పక్క వరస మలయాళీలది. దాని మీద వాళ్ళ అక్షరాలే ఉన్నాయి. గరిటె కూడా వాళ్ళదే. భీమన్న వాళ్ళ ఇళ్ళకి ఆడకూతురు వస్తే మాంసం లేకుండా అన్నం పెట్టరట. “మీకు తెలిసే తిన్నారనుకున్నానండి. మా గదిలో మీకు జ్యూసు డబ్బాలిచ్చాం చూడండి, అవి మేం రోజూ తాగుతామనుకోలేదు కదా?”

ఆ అక్షరాలు లక్ష్మిప్రసన్న చూసింది. ఎనిమిది దీనార్లలో వారం వారం మటన్ ఎలా పడుతుందని ఎకనామిక్స్ చదివిన మనిషికి తోచలేదు.

ఆ రాత్రి అడిగితే రాజేంద్ర దాచలేదు. క్యాంపుల ఖర్చు ఎక్కడ తగ్గించవచ్చో చూడమని మేనేజర్ రెండు నెలలుగా అడుగుతున్నాడని చెప్పాడు. క్యాంపులన్నిటికీ ఇన్‌ఛార్జిని వేస్తారట, అది తనకి వస్తే జీతం పెరుగుతుందట. ఆమె ఇక్కడ ఉండటానికి ఫ్యామిలీ వీసా మళ్ళీ పొడిగించాలంటే ఆ జీతం కావాలట.

“ఆఫీసుకి పోదని వాళ్ళకి మాటిచ్చానండీ.”

“నువ్విచ్చావు. నేనివ్వలేదు.” అతను చొక్కా హ్యాంగర్‌కి తగిలిస్తున్నాడు, భుజాలు సరిచేసి మరీ. “ఒక్క మాట కలపలేదు ప్రసన్నా. నువ్వు రాసిందే ఇంగ్లీషులోకి మార్చాను. అబద్ధమేమైనా ఉంటే చెప్పు.”

“ఆ మటన్ మీరు తిన్నారు.”

“నువ్వూ తిన్నావు.”

శనివారం పొద్దున అతను వెళ్ళిన గంటకి ఆమె కూడా అద్లియాలో ఉన్న అతని ఆఫీసుకి వెళ్ళింది. ఒక పేజీ ఇంగ్లీషులో రాసి తెచ్చుకుంది, తన వ్యాసంలో ఏ వాక్యం ఎందుకు తప్పో వరుసగా. మేనేజర్ మర్యాదగా కూచోబెట్టి టీ తెప్పించాడు. ఆ పేజీ చదివి, మేడం, ఆ రోజు మీరు మటన్ తిన్నారా లేదా అని అడిగాడు. తిన్నానంది. వాళ్ళు ప్రతి వారం వండుకుంటామన్నారా లేదా. అన్నారు. మరి ఇప్పుడు తప్పంటున్నది మీరు. వాళ్ళు కాదు కదా.

వాళ్ళని అడగండి అంది ఆమె. భీమన్న పేరు చెప్పింది. రాజేంద్ర అద్దాల తలుపు అవతల నిలబడి ఆమెనే చూస్తున్నాడు.

సైటు నుంచి పికప్‌లో భీమన్నని తెచ్చేసరికి పదకొండయింది. సిమెంటు అంటిన బూట్లతో కార్పెట్ మీదికి రాకుండా గుమ్మం దగ్గర గోనెపట్టా మీదే నిలబడ్డాడు. మేనేజర్ హిందీలో అడిగాడు, ప్రతి శుక్రవారం మటన్ తింటారా అని. భీమన్న హెల్మెట్ అంచు మీద ఎండిన సున్నం గోటితో గీకుతున్నాడు.

“చెప్పు భీమన్నా,” అంది లక్ష్మిప్రసన్న. “ఆ రోజు నా కోసమే వండామని చెప్పు. ఉన్నదున్నట్టు చెప్పు.”

అతను తలెత్తి ఆమెని చూశాడు. ఆమె ఏం అడుగుతోందో ఆమెకి తెలుసా అని చూస్తున్నట్టుంది.

తరవాత ఆమె వైపు కాకుండా గోడ గడియారం వైపు చూస్తూ హిందీలో చెప్పాడు. పదకొండు దీనార్ల మటన్. కోల్డ్ స్టోర్‌లో, అంటే కిరాణా కొట్లో, ఉద్దెర తెచ్చారు. మనిషికి ఆరొందల ఫిల్స్, దీనారులో సగం పైనే, వేసుకున్నారు. ఇద్దరి దగ్గర లేకపోతే తనే కట్టాడు. గిన్నె అడుక్కొచ్చారు. మళ్ళీ మటన్ వండలేదు, అంతకుముందు వండింది బక్రీదు నాడు ఎవరో పంచితే. మసాలా ఎంతయిందో, పెరుగు డబ్బా ఎంతయిందో కూడా చెప్పాడు. ఒక్కటీ వదిలిపెట్టలేదు.

మేనేజర్ నవ్వి, ఇంత ఖర్చు పెట్టించి మేడంగారు ఎన్ని ముక్కలు తిన్నారు అని అడిగాడు.

“చూడలే సాబ్,” అన్నాడు భీమన్న. చెవులు ఎర్రబడ్డాయి.

తిండి పైసలు పదమూడు దగ్గర ఆగాయి. గోడ మీద ఇంకో కాగితం అంటించారు. ఇన్‌ఛార్జి ఉద్యోగం రాజేంద్రకి రాలేదు, ఇంకెవరికో ఇచ్చారు. ఆ వారమంతా అతను ఇంట్లో అవసరమైన మాటలే మాట్లాడాడు. ఆమె కూడా అంతే. అతని టిఫిన్ డబ్బాలో కూర పెట్టేటప్పుడు మూత తీసి ఏమిటని చూసుకోవడం అతను మానేశాడు.

సోమరాజుగారి దగ్గర నుంచి వ్యాసం వెనక్కి తెచ్చేసుకుంది. ఆ మాట వాళ్ళకి చెప్పాలని శుక్రవారం మామీర్ బయల్దేరింది. సత్యకుమారి రాలేదు. మళ్ళీ గీతలు గీశారా అండీ అని అడిగి, ఇవాళ మా మేడం ఇంట్లో చుట్టాలొచ్చారు, సెలవు లేదంది. గంట తరవాత ట్యాక్సీ అద్దంలోంచి చూస్తే సత్యకుమారి సూపర్ మార్కెట్ ముందు ఇంకో ఇద్దరితో నిలబడి నవ్వుతూ కనిపించింది.

గదిలో అదే వేళకి అవే పళ్ళాలు. ఈసారి ఎవరూ గిన్నె మీద మూత పెట్టలేదు. బాబు స్టూలు తెచ్చి గుమ్మం పక్కన వేశాడు.

“రాండ్రి మేడం,” అన్నాడు భీమన్న. లేవలేదు.

ఆమె స్టూలు మీద కూచుంది. మంచం కింద క్యారియర్ మూడు గిన్నెలూ కడిగి బోర్లించి ఉన్నాయి. పులిహోర తిన్నారో లేదో అడగలేకపోయింది. సంచిక సంగతి చెప్పింది. వ్యాసం వేయడం లేదని, ఇంకెప్పుడూ వేయరని. సరే అన్నారు. పదమూడు ఇస్తామన్నారా అంటే ఇస్తమన్నరని చెప్పారు. పద్దెనిమిదిమందీ తింటున్నారు. ఒక్కరైనా తిను అంటారేమో అని తను ఎదురుచూస్తున్నట్టు ఆమెకి చాలాసేపటికి గాని తెలియలేదు. ఎవరూ అనలేదు. పిల్లికైనా ఒక ముద్ద వెయ్యకుండా తినని ఆ మనుషులు, ఆమె ఎదురుగా, తలెత్తకుండా తింటున్నారు.

ఆమె లేచి నిలబడింది.

“ఆగుండ్రి మేడం,” అన్నాడు భీమన్న.

తన పళ్ళెం నేల మీద ఆమె వైపు జరిపాడు. అన్నంలో వేళ్ళు చేసిన గుంట, గుంటలో పప్పు, అంచున చితక్కొట్టిన ఉల్లిగడ్డ సగం. ఆమె ఒక్క క్షణం అతని ముఖం చూసింది. తినమనడానికి కాదని అర్థమైంది.

“రాసుకోండ్రి,” అన్నాడు. “శుక్రారం కూర. పప్పు, ఉల్లిగడ్డ.”

ఆమె రాసేదాకా చెయ్యి మోకాలి మీద పెట్టుకుని, తినకుండా కూచున్నాడు.